ఇంకా తడే

"ఇంకా ఆరలేదా?" వడ్రంగి గుమ్మంలోంచే అరిచాడు.

మెకానిక్ తలెత్తలేదు. "తేమ ఉందన్నా. ఇంకో నాలుగు రోజులు పడుతుంది."

"పోయిన వారమూ ఇదే మాట. వరద తీసి నెలయింది. నీ షెడ్డులో మాత్రం ఇంకా నిలబడే ఉందా?"

మోటార్లు పట్టుకుని వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. మెకానిక్‌కి నవ్వే ఓపిక కూడా లేదు. వీధిలోని వర్క్‌షాపులన్నీ నడుంలోతు మునిగాయి. తడిసిన మోటార్లన్నీ అతని షెడ్డుకే చేరాయి. విప్పడం, బురద కడగడం, బల్బుల వేడికి ఆరబెట్టడం, పాడైన తీగ లాగేసి కొత్తది చుట్టడం. వేళ్ల కొసలు చిట్లిపోయి, నీళ్లు తగిలినా మండుతున్నాయి.

వడ్రంగి మెల్లగా స్టూలు మీద కూర్చున్నాడు. చెక్కను తిప్పుతూ నునుపుగా చెక్కే అతని లేతు మోటారు మూలనున్న బల్ల మీద ఉంది.

"నా తర్వాతొచ్చిన పిండిమర మోటారు మొన్ననే తిరిగిందట. నాదేం పాపం చేసింది?"

"నీది పాతది. నీళ్లు లోపలిదాకా పీల్చేసింది."

"ఏదీ, చూపించు."

మెకానిక్ మోకాళ్లు పట్టుకుని లేచాడు. మీటరు తీగలు రెండూ మోటారు ఇనప తొడుగుకే ఆనించాడు. ముల్లు సున్నా దగ్గరే ఉండిపోయింది.

"చూశావుగా, సున్నా అంటే లోపల తడే. ఇప్పుడు కరెంటిస్తే బూడిదే."

వడ్రంగి ముఖం వాడిపోయింది. "బడి బల్లలన్నీ నాని విచ్చిపోయాయిరా. పిల్లలు నేలమీద బోర్లా పడుకుని రాస్తున్నారు. కొత్తవి చేసిస్తానని మాటిచ్చాను."

"తెలుసన్నా."

"ఏం తెలుసు నీకు? నీ చెయ్యి పోయింది, ఒప్పుకో! రేపే బండి తెచ్చి దీన్ని పక్క వీధి మెకానిక్‌కిచ్చేస్తా."

నవ్వులు ఆగిపోయాయి. వరసలో ఒకడు తన మోటారు కేసి అనుమానంగా చూసుకున్నాడు. ఆ చూపు మెకానిక్‌కి సూదిలా గుచ్చుకుంది. ముప్పై ఏళ్లలో తన పనిని ఎవరూ అలా చూడలేదు.

"ఇన్నాళ్లు ఆగావు. ఇంకో నాలుగు రోజులు ఆగు. అప్పటికీ తిరగకపోతే ఈ పనే మానేస్తా."

వడ్రంగి గోడ పట్టుకుని లేచి, విసవిసా పోదామనుకుని, నెమ్మదిగానే వెళ్లాడు.

కాసేపటికి ఫోను మోగింది. వడ్రంగి కూతురు. మెకానిక్ షెడ్డు వెనక్కి వెళ్లి ఎత్తాడు.

"బాబాయ్, నాన్న వచ్చాడా?"

"వచ్చాడు. నన్ను కడిగేసి వెళ్లాడు."

"ఏమీ అనుకోకు. పనికి పోవద్దంటే మా మాటైతే అస్సలు వినడు. ఇప్పుడే డాక్టరుతో మాట్లాడాను. ఆపరేషన్ కుట్లు బాగా మానాయట. ఎల్లుండి నుంచి పని చేసుకోవచ్చన్నారు."

మెకానిక్ గోడకి చేరగిలబడి, గట్టిగా ఊపిరి వదిలాడు.

"అయితే మోటారు కూడా ఎల్లుండికి ఆరుతుందిలే అమ్మా."