ఏడో సీసా

“దొరికింది,” అంది నైరీ, గుమ్మంలో బురద బూట్లు విప్పుతూనే.

అలిస్టర్ గెడెస్ ఇంకోసారి చెప్పమన్నాడు. డెబ్బై ఒక్కేళ్ళ ఆ మనిషికి చెవులు శుభ్రంగానే పనిచేస్తాయి. ఆ మాట మళ్ళీ వినాలనిపించింది, అంతే. నైరీ మళ్ళీ చెప్పింది. ఏడు సీసాల్లో ఆరింట్లో ఏమీ లేదు, ఏడోదాంట్లో ఉంది. తనకే నమ్మకం కుదరక ఆ ఒక్కదానికీ మూడుసార్లు పరీక్ష చేయించిందట. మూడుసార్లూ అదే జవాబు.

అలిస్టర్ భార్య నోలీన్ పిండి చేతులతోనే వచ్చి నైరీని కావలించుకుంది.

నైరీది వాగుల్లోనూ సరస్సుల్లోనూ బతికే జీవాలని చదివే ఉద్యోగం. పదిహేనేళ్ళుగా ఒటాగో కొండల్లో ఒక చేప కోసం తిరుగుతోంది. వేలెడంత ఉంటుంది, పొలుసులుండవు, ఒంటినిండా బంగారు చుక్కలు. ఎప్పుడో పైదేశం నుంచి తెచ్చి వదిలిన ట్రౌట్ చేపలు దాన్ని కనిపించినచోటల్లా మింగేశాయి. గెడెస్ వాళ్ళ వాగులో అది కంటపడి నలభై ఏళ్ళయింది. ఇప్పుడు సాగునీటి సంఘం వాళ్ళు ఆ వాగుని కొండమీద ఊట దగ్గరే గొట్టంలో పెట్టి కింది పొలాలకు పట్టుకుపోతామంటున్నారు. గురువారం విచారణ. ఊట మొదలు రేవు దాకా ఎక్కడైనా సరే, ఆ చేప ఉందని తేలితే వాళ్ళకి అనుమతి రాదు. తేలకపోతే వచ్చే వేసవికి వాగు ఎండిపోతుంది. గొర్రెల మందని ఆ రేవు దాటిస్తూ, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నోలీన్‌ని పెళ్ళాడమని అడిగిన మనిషి అలిస్టర్. నెల రోజులుగా ఆయనకి అన్నం సయించడం లేదు.

ఇప్పుడు మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, ఇదంతా తన చలవేనని మొదలుపెట్టాడు. చేప కంటపడనక్కర్లేదు, అది తిరిగిన నీళ్ళు పట్టి ప్రయోగశాలకి పంపితే ఆనవాలు చెబుతారని నైరీ అన్నప్పుడు ముందు నమ్మింది తనేనట. సీసాల పెట్టె మోసింది తను. కంచె తీగలు ఎత్తిపట్టింది తను. వాగు నీళ్ళతో పోల్చుకోవడానికని తెచ్చుకున్న శుద్ధజలం డబ్బా బండిలో బోర్లాపడి నైరీ ఏడుపుమొహం పెడితే, వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు పట్టిచ్చిందీ తనే.

“ఆ సోది చాలు,” అంది నోలీన్. “గొప్పంతా మీ తాతది కదూ. కొండమీంచి గొట్టం వేసింది ఆయన. నువ్వు తిప్పింది కుళాయి.”

“మా తాత తెచ్చిన ఊట నీళ్ళకి సాటి ఉందా? ఈవిడ పదేళ్ళుగా వడపోత యంత్రం పెట్టించమని పోరుతోంది, అమ్మాయ్. నా కంఠంలో ప్రాణం ఉండగా జరగదని చెప్పాను. అద్దంలాంటి నీళ్ళు.”

నైరీ దగ్గుతో సరిపెట్టింది.

ఇంతకీ చేప ఏ మలుపులో ఉందన్నది తేలాలి. విల్లో చెట్ల మలుపులోనని అలిస్టర్, కాదు రేవులోనని నోలీన్. ఓడినవాళ్ళు చలికాలమంతా అంట్లు తోమాలని పందెం వేసుకున్నారు. నలభై ఆరేళ్ళ కాపురంలో అంట్లు తోమని మనిషి అంత ధైర్యంగా పందెం కాశాడంటే, ఆనందం ఎంత పని చేస్తుందో చూడండి.

నోలీన్ టీ పోసింది. నైరీ కప్పు ముట్టుకోలేదు. దార్లో తాగొచ్చానంది. పోయినసారి ఇదే బల్ల దగ్గర కూర్చుని మూడు కప్పులు తాగిన పిల్ల. పోనీ వేడి వేడి స్కోన్ రొట్టెలైనా తినమంటే, ఒకటి చేతిలోకి తీసుకుని ఆగింది.

“ఇవి కలిపింది పాలతోనేనా, నోలీన్ గారూ?”

“పాలతో కాక దేంతో కలుపుతారు? ఒంట్లో బాగుండలేదా నీకు?”

పాలతోనే అని విన్నాక మాత్రం రెండు తినేసింది. నోలీన్‌కి మనసు కాస్త చివుక్కుమంది. కానీ ఈవేళ ఎవరిమీదా కోపం తెచ్చుకోబుద్ధి కాలేదు.

అలిస్టర్ తన కప్పు ఖాళీ చేసి ఇంకోటి పోసుకున్నాడు. గురువారం సాగునీటి సంఘం వాళ్ళ మొహాలు ఎలా మాడిపోతాయో చెబుతూ ఉంటే నోలీన్ పడీపడీ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆయన చూసి, చెయ్యి చాచి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

నైరీ సంచిలోంచి పటం తీసి బల్లమీద పరిచింది. వాగు పొడవునా ఎర్రచుక్కలు. ఇద్దరూ తలలు ఆనించి లెక్కపెట్టారు. విల్లో మలుపు ఒకటి. రేవు రెండు. మూడు, నాలుగు, అయిదు, ఆరు. మళ్ళీ లెక్కపెట్టినా ఆరే.

“ఏడో చుక్క పెట్టడం మర్చిపోయావమ్మాయ్,” అన్నాడు అలిస్టర్.

“మర్చిపోలేదు. ముందు ఒక సంగతి చెప్పండి. కొండమీద ఊట దగ్గర మీ తాతగారు కట్టించిన తొట్టికి మూత ఉందా?”

“బండలాంటి మూత. మా నాన్న ఉన్నప్పుడు ఎత్తడమే ఆఖరు. దాంతో ఏం పని?”

“అంటే ట్రౌట్ దూరే సందే లేదన్నమాట. ఇన్నాళ్ళూ మన చుక్కల చేపల్ని కాపాడింది మీ కుటుంబమే, అలిస్టర్ గారూ. విచారణలో అదే చెబుతాను.”

అలిస్టర్ ఛాతీ ఉబ్బింది. ఆ సంతోషంలో రెండో కప్పు చివరి గుక్క దాకా తాగేసి, మరి ఆ ఏడో సీసా ఎక్కడ పట్టావో చెప్పమన్నాడు.

“మీ వంటింటి కుళాయి దగ్గరండీ.”