ఒంటి అద్దం జోడు

పురుగుల్ని కాల్చే లేజర్లు మిరప కల్లాల మీద తిరగడం మొదలయ్యాక కూలివాళ్లకు ఎర్రద్దాలు తప్పనిసరి అయ్యాయి. అవి పెట్టుకుంటే మంచికాయా, తెల్లబారిన తాలుకాయా ఒక్కలాగే కనిపిస్తాయి. అందుకని ఒక అద్దం తీసేసిన జోళ్లు వచ్చాయి. అద్దంలేని కన్ను రెండేళ్లలో పోతుంది. పుల్లమ్మకు పోయింది.

ఈసారి కూతురు జ్యోత్స్న కూడా పనిలోకి దిగుతోంది. జోడు కొనడానికి ఇద్దరూ కోటిలింగం కొట్టుకు వచ్చారు.

"ఏవైపుది తియ్యనే?" అన్నాడు కోటిలింగం.

"ఎడమది తియ్యి మావయ్యా. ఆ కన్ను పుట్టుకతోనే మసక."

"మసక కంటితో తాలెట్టా ఏరతావే? మేస్త్రి మధ్యాన్నానికే పంపేస్తాడు," అంది పుల్లమ్మ. "కుడిదే తియ్యి తమ్ముడూ. ఇంట్లోకి ఎడం కన్ను చాలుద్దిలే. కూర మాడితే వాసన రాదా ఏంటి."