గీత మీద చూపు

"పగులు ఆగిందమ్మా. పొద్దుట్నుంచీ గీత మీద కదలిక లేదు. పాసని రాసెయ్. ముప్పై ఏళ్లుగా చూస్తున్న కళ్లివి," అన్నాడు పరీక్షల మేస్త్రీ.

యంత్రం ఉక్కు ముక్కను లాగుతూ, మెలిపెడుతూనే ఉంది. పగులు సాగే దారి ఇదేనని ముక్క మీద ముందే గీసిన పెన్సిల్ గీత నుంచి కొత్త ఇంజనీరు మైక్రోస్కోపును పక్కకు జరిపింది.

"ఆగలేదు బాబాయ్, పక్కకు తిరిగింది. ఉత్త లాగుడైతే తిన్నగా పోయేది. మెలిక కూడా ఉందిగా! అదిగో, అంచుదాకా పాకేసింది."

మేస్త్రీ వంగి చూశాడు.

"ఇన్నాళ్లూ నేను గీత దాటి చూడలేదు తల్లీ."

"మరి మనం పాస్ చేసినవన్నీ ఎక్కడ బిగించారు?"

ఆయన కూతురికి ఫోన్ చేశాడు.

"చిట్టీ, మీ ఆఫీసులో లిఫ్టు ఎక్కకు. నువ్వొక్కదానివే కాదు, అందర్నీ మెట్లమీదే దిగమను."