బెండకాయ ముద్రల పగ

“ఏసిన బొమ్మ ఏటని ఎవులూ అడక్కూడదు. అడిగినోళ్లకి నువ్వుండ లేదు,” అని చిలకమ్మ ముందే తెగేసి చెప్పింది.

వరండాలో పరిచిన పాత దుప్పట్ల మీద పాతికమందికి పైగా పిల్లలు మోచేతుల దాకా రంగుల్లో మునిగి ఉన్నారు. పళ్లేల్లో పసుపునీళ్లు, బీట్‌రూట్ రసం, నీలిమందు, నూరిన బొగ్గు. అడ్డంగా కోసిన బెండకాయ అద్దితే పువ్వు పడుతోంది. భీమిలి నుంచి తెచ్చిన చిరిగిన వలముక్క ముంచి పరిస్తే చేప పొలుసులు తేలుతున్నాయి. ఎండిన పసుపు మీద సబ్బునీళ్లు చిలకరిస్తే ఎర్రబడింది. పిల్లలు నోళ్లు తెరిచారు. ఒకడు దుప్పటి మానేసి తన పొట్ట మీదే ముద్రలు వేసుకుంటున్నాడు. చిలకమ్మ అది చూడనేలేదు. ఆవిడ కళ్లు ఎదురింటి మేడమెట్ల మీద ఉన్నాయి.

ఆ మేడ మీద రోజారమణి ఆదివారాలు బొమ్మలు వేయడం నేర్పుతుంది. పెందుర్తిలో ఆ కాలనీ పిల్లలంతా అక్కడికే పోయేవారు. నెల కిందట చిలకమ్మ మనవరాలు శ్రీసత్య, ఎనిమిదేళ్ల పిల్ల, ఆ మెట్ల మీద నుంచి ఏడుస్తూ దిగివచ్చింది. ఏమైందంటే, ముప్పైమంది పిల్లలున్నారు, నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పడానికి నాకు తీరదమ్మా, అందట టీచరు.

“అందరికీ తీరింది, నా మనవరాలికే తీరలేదేటి?” అంది చిలకమ్మ.

కోడలు హిమబిందు, ఆవిడ మంచిదే అత్తా, ఊరుకో, అని సర్దబోయింది. చిలకమ్మ ఊరుకునే మనిషి కాదు. తన పెళ్లిలో చారు పలచగా పోసినవాళ్ల పేర్లు ఈనాటికీ వరసగా చెబుతుంది.

“సూడు, ఆ గుమ్మంలో ఒక్క సెప్పుల జత లేకుండా సేత్తాను.”

శ్రీసత్య కళ్లు తుడుచుకుంది. “నిజంగానా మామ్మా? ఒక్కలు కూడా ఉండరా?”

“ఒక్కలు కూడా.”

ఆ వారమే వరండాలో దుప్పటి పడింది. ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పిలుచుకొచ్చింది శ్రీసత్యే. తిరిగి తిరిగి చెప్పు పట్టీ తెగితే చిలకమ్మ పచ్చటి వలదారంతో కుట్టిపెట్టింది. ఇంతా చేసి ఆ పిల్ల మాత్రం రంగులో వేలు ముంచదు. నీళ్లు అందిస్తుంది, నువ్వుండలు పంచుతుంది, మధ్యలో ఎదురు గుమ్మం దాకా వెళ్లి చెప్పులు లెక్కపెట్టుకొస్తుంది.

“ఇంకా ఏడు జతలున్నాయి మామ్మా.”

పిల్ల మనసు ఎంత విరిగిపోయిందో అనుకుని చిలకమ్మ పళ్లు కొరికేది. మర్నాడు ఇంకో రెండు రంగులు నూరేది.

ఈ ఆదివారానికి టీచరు దగ్గర యశస్విని ఒక్కతే మిగిలింది. పొద్దున్నే శ్రీసత్య ఆ పిల్ల కోసం వెళ్లింది. కాసేపటికి యశస్విని ఒక్కతీ గెంతుకుంటూ వచ్చింది.

“మా సత్య ఏదే?”

“నన్ను ఎల్లమంది. మీరు రెండు నువ్వుండలు ఇత్తారని సెప్పింది.”

చిలకమ్మ మూడు ఇచ్చింది. ఇంక ఆగలేకపోయింది. కొంగు దోపి, మోకాళ్లు పట్టుకుని ఎదురింటి మెట్లెక్కింది. రోజారమణి మొహం ఒక్కసారి చూడాలి. ‘ఇయ్యాల తీరికేనా టీచరుగారూ?’ అని నవ్వుతూ అడగాలి. నెల రోజులుగా ఆ మాట నోట్లో నానబెట్టుకుంది.

పై మెట్టు మీద ఆయాసం తీర్చుకుంటుంటే లోపలి నుంచి రోజారమణి గొంతు వినిపించింది.

“ఈ వేళ నాకు తీరికేనమ్మా. నీ ఒక్కదానికే, సాయంత్రం దాకా.”

చిలకమ్మ కిందికి చూసింది. గుమ్మం పక్కన ఒక్క జత చెప్పులు, గోడకి ఆనించి బుద్ధిగా సర్ది ఉన్నాయి.

పట్టీకి పచ్చటి వలదారం కుట్టు ఉంది.