మామ్మకో గుమ్మం

సీతంపేటలో పది రోజుల యాక్రిలిక్ పెయింటింగ్ శిక్షణ ఆ సాయంత్రంతో ఆఖరు. బొమ్మల్ని విశాఖ ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్లే జీపు బయట హారన్ కొడుతోంది.

అన్నాళ్లూ ఇంటి గోడ మీద బియ్యప్పిండితో బొమ్మలేసిన సవర సుక్రమ్మ, మొదటిసారి కాన్వాసు మీద కాలం చేసిన తన మామ్మను వేసింది. చుట్టూ నెమళ్లు, ఏనుగు, జీలుగు చెట్టు. వాటన్నిటినీ కలిపి ఇల్లులా నాలుగు వైపులా తెల్ల గీత గీసింది. కింద మాత్రం బెత్తెడు సందు వదిలేసింది.

"ఏటి సుక్రమ్మా, గీత కలపడం మరిచిపోయావా?" అంటూ టీచరు సత్యకుమారి తనే కుంచె అందుకుంది.

సుక్రమ్మ గబుక్కున సందు మీద అరచెయ్యి పెట్టేసింది. "కలపొద్దు టీచరమ్మా!"

"సగం బొమ్మ పంపితే నన్నంటారు. బేగి చెయ్యి తియ్యి."

"ఈ రంగు ఎండితే కడిగినా పోదని మీరే సెప్పినారు కదా?"

"అయితే?"

"గోడ మీదైతే పండగనాడు మామ్మ వత్తాది, బువ్వ తింటాది. మర్నాడు ఎర్రమట్టితో అలికేత్తే ఎల్లిపోతాది. దీన్ని అలకలేం. అందుకే గుమ్మం ఉంచినాను."

సత్యకుమారి నవ్వేసి కుంచె దించింది.

సుక్రమ్మ చూపు ఆవిడ వెనక ఉన్న నమూనా బొమ్మ మీద పడింది. అందులో తెల్లటి కాన్వాసు మీద చిలక, చుట్టూ సందు లేని పూల అంచు.

"మరి మీ సిలక్కి గుమ్మమేది?"

"ఐదు నిమిషాలాగు బాబూ!" అని డ్రైవరుకి కేకేసి, టీచరు చిలక బొమ్మను ముందుకు లాక్కుని తెల్లరంగు సీసా మూత తీసింది.