ఎనిమిదిన్నర ఫోను

"రెండే నిమిషాలు బాబూ. ఆ ఫోన్ మిషన్ గదిలోకి ఒక్కసారి వెళ్లొస్తాను."

కౌంటరు ముందు ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో సంచీ.

బస్సుల కంపెనీ మేనేజరుకు ఆ ఉదయం కాలు ఒక చోట నిలవడం లేదు. సెలవుల సీట్లు పది గంటలకు, అదీ ఫోన్లోనే అంటూ పేపరు నిండా ప్రకటన వేయించాడు. ఆలోచన పూర్తిగా అతనిదే. ఉద్యోగంలో చేరి మాత్రం మూడు నెలలే.

"తేడా వచ్చిందో, సాయంత్రానికల్లా నువ్వు ఇంటికి" అని యజమాని నవ్వుతూ చెప్పాడు. నవ్వుతూ చెప్పబట్టే మేనేజరుకు నిద్ర పట్టలేదు.

"ఇవాళ కాదు పెద్దాయనా, రేపు రండి!"

"రేపు ఉండను బాబూ. మీ తొమ్మిదిన్నర బస్సుకే ఊరు మారిపోతున్నాను. పొద్దున ఫోన్ చేస్తే కలవలేదు, అందుకని..."

"పదింటికి చేసి చూడండి, ఎందుకు కలవదో!" అంటూ మేనేజరు ఆయన్ని, మర్యాదగానే, గుమ్మం దాటించాడు.

పెద్దాయన మళ్లీ వెనక్కి వచ్చి కౌంటరమ్మాయి చేతిలో చిన్న కాగితం పొట్లం పెట్టాడు.

"ఆ మిషన్ చూసేవాళ్లకివ్వు తల్లీ. మర్చిపోకేం."

"అలాగే తాతగారూ" అని ఆ అమ్మాయి పొట్లాన్ని సొరుగులో పడేసింది. పడేసిన మరుక్షణమే మర్చిపోయింది.

తొమ్మిదీ ఇరవైకి మేనేజరు ముచ్చటపడి తన సెల్లు నుంచి ఆఫీసుకు ఫోన్ చేశాడు.

"నమస్కారం. మా కార్యాలయం మూసి ఉంది. దయచేసి ఉదయం తొమ్మిది గంటల తర్వాత ఫోన్ చేయండి" అంది తీయటి రికార్డు గొంతు.

మేనేజరు గోడ గడియారం వంక చూశాడు. మళ్లీ చేశాడు. మళ్లీ అదే తీపి.

"కొంప మునిగింది! మెకానిక్‌ని పిలువమ్మా!"

ఫోన్ల మెకానిక్ పరుగున వచ్చేసరికి ఎనిమిది లైన్ల దీపాలూ వెలుగుతున్నాయి. ఒక్కో దీపం వెనక ఒక్కొక్కరు "మూసి ఉంది" అని వింటున్నారు.

మెకానిక్ తీగలు పీకి పెట్టాడు. రికార్డింగు కార్డు తుడిచి పెట్టాడు. గొంతు మరింత తీయగా మూసి ఉందనే చెప్పింది.

తొమ్మిదీ నలభై అయిదుకు కేకేశాడు.

"దొరికింది సార్! మాటలు బాగానే ఉన్నాయి, టైమే బాగాలేదు. మన మిషన్‌కి ఇప్పుడు అర్ధరాత్రి దాటి గంటా నలభై!"

"అదెలా?"

"ఎనిమిదింటికి దీని ప్లగ్గు ఎవరైనా పీకారా?"

"ఊడ్చే ఆవిడ రోజూ పీకుతుంది కదండీ" అంది కౌంటరమ్మాయి. "దుమ్ము లాగే మిషన్ పెట్టుకోవడానికి."

"లోపలి గడియారం బ్యాటరీ చచ్చిపోయింది సార్. ప్లగ్గు పీకితే చాలు, టైము మళ్లీ పన్నెండు నుంచి మొదలు. అదీ ఇవాళ చచ్చింది కాదు, ఏళ్లయింది."

"మరి నిన్నటిదాకా ఎలా పనిచేసింది?"

మెకానిక్ మిషన్‌లోని కాల్స్ జాబితా కిందికి జరుపుతూ పోయాడు. కళ్లు పెద్దవయ్యాయి.

"రోజూ ఎనిమిదిన్నరకు ఎవరో బయటి నుంచి ఫోన్ చేసి, రహస్య నంబరు కొట్టి, టైము సరిచేస్తున్నారు. ఇవాళ ఒక్కరోజే లేదు."

"అమ్మో, ఆ మూగ నంబరా!" అంది కౌంటరమ్మాయి. "ఎత్తితే మాట ఉండదు, టిక్కు టిక్కుమంటుంది. ఇవాళ్టి హడావిడికి అడ్డమని నిన్న మీరే కదా సార్, ఆపించేశారు!"

మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు.

"ఆ రహస్య నంబరు చెప్పండి సార్, క్షణంలో సరిచేస్తాను."

ఎవరికి తెలుసు?

తొమ్మిదీ యాభై రెండు. కౌంటరమ్మాయి ఒక్కసారి నెత్తిన చెయ్యి పెట్టుకుని సొరుగు లాగింది.

పొట్లంలో బిళ్లంత కొత్త బ్యాటరీ ఉంది. కాగితం మీద ఆరు అంకెలు, వాటి కింద ఏ మీట తర్వాత ఏ మీట నొక్కాలో ముత్యాల్లాంటి అక్షరాలు. సిరా వెలిసిపోయింది. అడుగున రాసిన మాటలు మాత్రం కొత్తవి. "రేపటి నుంచి నేను చేయలేను. ఇది వేయించండి. పాపం, పొద్దున్నే చేసేవాళ్లు మూసి ఉందనుకుని పోతారు."

మెకానిక్ వేళ్లు మీటల మీద పరుగెత్తాయి. గోడ గడియారం పది కొట్టింది.

"నమస్కారం. మా కంపెనీకి స్వాగతం!"

కౌంటరమ్మాయి ఎగిరి గంతేసింది. మెకానిక్ ఈల వేశాడు. ఎనిమిది ఫోన్లూ ఒక్కసారే మోగాయి, ఆపకుండా మోగాయి. నలభై నిమిషాల్లో సీట్లన్నీ అయిపోయాయి!

"శభాష్!" అన్నాడు యజమాని ఫోన్లో. "ఇక నిన్ను కదిపేవాడు లేడు పో!"

మేనేజరు సంతోషంతో ఫోన్ పెట్టేశాడు. పెద్దాయన బస్సు ఆలస్యమై ఉంటుందేమోనన్న ఆశతో వెంటనే బస్టాండు వైపు పరుగు తీశాడు. తొమ్మిదిన్నర బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. తిరిగొచ్చి, ఆ మూగ నంబరుకు తనే ఫోన్ చేశాడు. ఖాళీ చేసిన ఏ ఇంట్లోనో అది మోగి మోగి ఆగిపోయింది.

కనీసం ఆయన పేరైనా ఉంటుందేమోనని కాగితాన్ని వెనక్కి తిప్పాడు.

తమ కంపెనీ ఉత్తరమే అది, తేదీ అయిదేళ్ల కిందటిది: "కొత్త ఫోన్ యంత్రం అమర్చినందున, టెలిఫోన్ ఆపరేటరుగా మీ సేవలు రేపటి నుంచి మాకు అవసరం లేదని తెలియజేయడమైనది."