మాస్టారు వేసిన తేదీ

అప్పటికి ప్రతి ఇంట్లోనూ కుటుంబం పేర్లు వెలిగించి చూపిస్తూ మాట్లాడే వంశం గోడ ఉంది. రోజు, నెల, ఏడాది అదే వరుసలో చెప్పి, ఆధారం చూపిస్తేనే అది ఎవరి పేరైనా ఉంచేది.

హిమజ పప్పుకు తాలింపు వేస్తుండగా గోడ పలికింది.

"పైడితల్లికీ బంగారమ్మకీ నాలుగు నెలలే తేడా. ఒక తల్లి బిడ్డలు కారు. బంగారమ్మ పేరు తీసేస్తున్నాను."

చిక్కుడుకాయలు ఒలుస్తున్న నాయనమ్మ పైడితల్లి తలెత్తింది.

"అవి రెండూ బళ్లో మాస్టారు ఏసిన తేదీలే. చెల్లి బంగారమ్మని ఎత్తుకోడానికని నన్ను ఇంట్లో ఉంచేసినారు. దాంతోపాటే బళ్లో ఏసినప్పుడు, వయసు సరిపోవాలని ఆయన నన్ను చిన్నదాన్ని చేసేసినాడు."

"బంగారమ్మ అసలు తేదీ?" అంది గోడ.

"ఎవలికి తెలుసు? చింతపండు కొట్టే రోజులు. అమ్మకి నొప్పులొస్తే నాను గుమ్మంలోనే కూకున్నాను."

"ఆధారం?"

హిమజ గరిటెతోనే వచ్చింది. "అక్క. దగ్గరుండి చూసింది. రాసుకో."

 గోడ మీద బంగారమ్మ పేరు కింద 'చింతపండు కొట్టే రోజులు. ఆధారం: అక్క' అని వెలిగింది.

"మరి మీ పుట్టుక?" గోడ గొంతు తగ్గించి అడిగింది.

"నన్ను చూసినోలు ఇప్పుడెవలూ లేరు," అంది పైడితల్లి, మరో కాయ ఒలుస్తూ. "చెల్లికంటే, దాన్ని సంకనెత్తుకునేటంత ముందు పుట్టినాను. అలాగే రాయి."

గోడ అలాగే రాసింది, ఒక్క అక్షరం దిద్దకుండా.